పాచికల లెక్క, పుట్టుక లెక్క

ఈ సంచికలో నిరుద్యోగాన్ని గురించి, విద్యావిధానాన్ని గురించి, ప్రేమను గురించి రాసేవారు చాలామందే వుంటారు. ఆ భారం వాళ్ళకే వదిలి నేను ఒక ఆటను గురించి రాయదలచుకున్నాను. ఆట అంటే కబడ్డీ కాదు, క్రికెట్టూ కాదు. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుని, కాగితమూ పెన్సిలూ ముందు పెట్టుకుని, పాచికలు వేస్తూ నోటితో ఆడే ఆట. రాత్రిపూట మా గదిలోంచి పాచికల చప్పుడు విని జూదమనుకున్న మిత్రులు కొందరున్నారు. డబ్బు చేతులు మారదు గనుక జూదం కాదు. అయితే ఇందులో పణంగా పెట్టేది అసలేమీ లేదా అంటే, వుంది. దాన్ని గురించే ఈ వ్యాసం.

ముందు ఆట ఏమిటో తెలియనివారికి నాలుగు మాటలు. ఒకడు సూత్రధారి. కథ, వూరు, అడవి, అందులో ఎదురయ్యే మనుషులు, మృగాలు అన్నీ అతని చేతిలో వుంటాయి. మిగిలినవాళ్ళకు తలా ఒక పాత్ర. "వాగు పొంగింది, అవతల దీపం కనబడుతున్నది, ఏం చేస్తారు?" అంటాడు సూత్రధారి. ఒకడు ఈదుతానంటాడు, ఇంకొకడు చెట్టు నరికి అడ్డం వేస్తానంటాడు. అది అయిందీ కానిదీ పాచిక తేలుస్తుంది. హరికథలో దాసుగారు కథ ఆపి, "ఇప్పుడు హనుమంతుడు ఏం చేయాలి నాయనా?" అని ముందు వరసలో వాళ్ళనడిగి, వాళ్ళు చెప్పినట్టే కథ నడిపిస్తే ఎట్లా వుంటుందో, ఇదీ అట్లాగే వుంటుంది. గెలిచాం, ఓడాం అని లేచిపోవడం వుండదు. ఈ రాత్రి ఎక్కడ ఆపితే వచ్చే ఆదివారం అక్కడినుంచి.

దీన్ని పుస్తకంగా మొదట అచ్చువేసింది 1974లో, అమెరికాలో. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి రాశారు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గైగాక్స్ మహాశయుడు భీమా కంపెనీలో ఉద్యోగం పోయి, లేక్ జెనీవా అనే చిన్న వూళ్ళో బూట్లు బాగుచేసుకుంటూ బతుకుతున్న రోజులవి. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెయ్యి ప్రతులు, చేత్తో పెట్టెల్లో సర్దుకుని అమ్ముకున్నారు. అంతకుముందు వాళ్ళు ఆడుకున్నది బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధాల ఆట. అందులో ఒక బొమ్మ అంటే ఇరవైమంది సిపాయిలు. వీళ్ళు చేసిన గొప్ప పని ఏమిటంటే, ఒక బొమ్మకు ఒక్క మనిషే అన్నారు. దండులోంచి మనిషిని విడదీసి అతనికి ఒక పేరు పెట్టారు.

పేరుతోపాటు కొలతలూ పెట్టారు. తగాదా అంతా అక్కడ మొదలవుతుంది.

కొలతలు ఆరు. బలం, బుద్ధి, వివేకం, దారుఢ్యం, చురుకుదనం, ఆకర్షణ. ఒక్కొక్కదానికి మూడు పాచికలు వేసి కలపాలి. మూడు నుంచి పద్ధెనిమిది వరకు ఏదో ఒక అంకె వస్తుంది. మూడు పాచికలు 216 విధాల పడగలవు. 18 వచ్చేది అందులో ఒక్క విధంగా. 10 వచ్చేవి 27 విధాలు, 11 వచ్చేవి మరో 27. ఏతావాతా మనలో చాలామందిమి మధ్యరకం వాళ్ళమని పుస్తకం తీర్మానం. సెమిస్టరు జవాబు పత్రాలు దిద్దిన ఏ లెక్చరరు గారూ దీన్ని కాదనరనుకుంటాను. అయిదేళ్ళు తిరక్కముందే ఆటగాళ్ళు గోల పెట్టారు కాబోలు, 1979 నాటి సూత్రధారుల పుస్తకంలో నాలుగు పాచికలు వేసి, తక్కువ పడ్డదాన్ని పక్కన పెట్టుకోవచ్చునన్నారు. సగటు పదిన్నర నుంచి పన్నెండు దాటింది. మన భాషలో గ్రేసు మార్కులు.

ఇదంతా మనకేదో కొత్త విద్య అనుకోనక్కర లేదు. అష్టాచెమ్మా ఆడని ఇల్లు మన వైపు ఎక్కడుంది? గవ్వలు దొరక్కపోతే ఒక పక్క అరగదీసిన చింతగింజలు నాలుగు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అందులో ఒక మెలిక రూలు వుంది చూశారా? ఎదుటివాడి కాయను ఒక్కదాన్నయినా చంపనివాడు లోపలి గళ్ళలోకి పోరాదు. శాంతస్వభావుడు బయటి గళ్ళ చుట్టూనే తిరుగుతూ వుండాలి. మా అమ్మమ్మ ఈ రూలును చిన్నపిల్లల దగ్గర సడలించేది, అల్లుళ్ళ దగ్గర మాత్రం సడలించేది కాదు. పక్క వీధిలో మరో రకం. ఎవరి రూలు వారిది, ఎవరి తగాదా వారిది.

పులి-మేక ఇంకా ముఖ్యమైనది. గుడి మెట్ల మీదా, రచ్చబండల మీదా గీతలు చెక్కి వుంటాయి. మామూలుగా మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకి చంపే హక్కు వుంది. మేకకు లేదు, కాని మేకలన్నీ కలిసి పులిని కదలనీయకుండా కట్టడి చేయవచ్చు. ఇద్దరు ఆటగాళ్ళకూ ఒకే బలగం ఇచ్చే చదరంగంలాంటిది కాదిది. పుట్టుకలోనే తేడా పెట్టిన ఆట. అయినా ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే ఈ పందెంలో పులి ఆడినవాడు వచ్చే పందెంలో మేక ఆడాలి. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీనితో పని వుంది.

రూళ్ళలో మెలికలు లేకపోతే ఆటకు రుచే లేదని నా అభిప్రాయం. 1977లో ట్రావెలర్ అనే ఆట వచ్చింది, నక్షత్రాల మధ్య తిరిగే కథలు. అందులో పాత్రను తయారు చేసుకుంటూ వుండగానే పాత్ర చచ్చిపోవచ్చు. నాలుగేళ్ళ కొలువు చేశావు, పాచిక వేయి, బతికావా? ఇంకో నాలుగేళ్ళు చెయ్యి, మళ్ళీ వేయి. ఆట మొదలుకాకముందే దినాలు పెట్టిన పాత్రలు మా బల్ల మీద రెండున్నాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మాంత్రికుడు పొద్దున్నే మంత్రం కంఠస్థం చేయాలి. ఒకసారి ప్రయోగించాడా, ఆ మంత్రం బుర్రలోంచి తుడిచిపెట్టుకు పోతుంది. జాక్ వాన్స్ అనే రచయిత కథల్లోంచి తెచ్చుకున్న సంగతి ఇది. విదేశీయులకు వింతగా వుండవచ్చు గాని, అదను వచ్చేసరికి అస్త్రం మరచిపోయిన కర్ణుణ్ణి ఎరిగిన మనకు వింతేమిటి? పరీక్ష హాల్లోంచి బయటికి వచ్చిన మరుక్షణం మన పరిస్థితీ అదే కదా.

ఇంకొకటి చూడండి. మొదటి పుస్తకాల్లో అనుభవం పాయింట్లు ఎక్కువగా వచ్చేది రాక్షసుల్ని చంపినందుకు కాదు, బంగారం బయటికి మోసుకొచ్చినందుకు. నాణేనికి ఒక పాయింటు. దాంతో వీరులనుకున్నవాళ్ళు నిద్రపోయే సర్పాన్ని లేపకుండా పిల్లుల్లాగ వెళ్ళి మూట కట్టుకు రావడం నేర్చుకున్నారు. రూలు దేన్ని లెక్కపెడితే ఆటగాడు దాన్నే చేస్తాడు. డెబ్బయి అయిదు శాతం హాజరు కావాలంటే హాజరు వస్తుంది. చదువు సంగతి రూలులో లేదు.

1986లో స్టీవ్ జాక్సన్ కంపెనీ గర్ప్స్ అని ఒక పద్ధతి తెచ్చింది. ఇందులో పాచికల దయ లేదు. అందరికీ సమానంగా పాయింట్లిస్తారు, కిరాణాకొట్లో సరుకులు కొన్నట్టు గుణాలు కొనుక్కోవాలి. చాలకపోతే లోపాలు అమ్ముకోవచ్చు. ఒంటికన్ను పెట్టుకుంటే ఇన్ని పాయింట్లు, అబద్ధమాడలేని జబ్బు పెట్టుకుంటే ఇన్ని. చిన్న చిన్న చాదస్తాలు అయిదు దాకా పెట్టుకోవచ్చు, తలా ఒక పాయింటు. గడుసువాళ్ళు కథలో ఎన్నడూ అడ్డురాని లోపాలు ఏరుకుని, మిగిలిన పాయింట్లన్నీ కత్తిలో పోస్తారు. ఈ విద్యలో ఆదిగురువు రావణుడే. దేవతలు, గంధర్వులు, యక్షులు, రాక్షసులు, అందరి వల్లా చావు లేకుండా వరం పట్టాడు. మనుషుల్నీ కోతుల్నీ లెక్కలోకి తీసుకోలేదు, అడగడం కూడా చిన్నతనమనుకున్నాడు. పాత్ర నిర్మాణంలో ఆ ఒక్క గడి ఖాళీ వదిలాడు. పర్ణశాలకు పిక్నిక్ వెళ్ళిన ప్రతివాళ్ళకూ ఆ తర్వాతి కథ తెలుసు. అన్నట్టు, రూళ్ళ మీద వాదన పిల్లచేష్ట అనేవారికి ఒక మనవి. కురుసభలో ద్రౌపది అడిగింది రూలు ప్రశ్నే. తనను తాను ముందే ఓడిపోయినవాడికి ఇంకొకరిని పణంగా పెట్టే హక్కుందా అని. అంతటి భీష్ముడు జవాబు చెప్పలేక ధర్మం సూక్ష్మమన్నాడు.

ఇంతవరకు నవ్వుకోదగిన మెలికలు. నవ్వు రాని మెలిక ఒకటి వుంది.

1978లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకంలో పాచికలు వేసిన తర్వాత జాతి ఎంచుకోవాలి. మనిషి, ఎల్ఫ్, డ్వార్ఫ్, సగం ఓర్క్ వగైరా. జాతిని బట్టి అంకెలు మారతాయి. సగం ఓర్క్ అయితే బలానికి ఒకటి కలుపు, దారుఢ్యానికి ఒకటి కలుపు, ఆకర్షణలోంచి రెండు తీసెయ్యి. అంతటితో ఆగలేదు. ఏ జాతివాడు ఏ వృత్తిలో ఎన్ని మెట్లు ఎక్కవచ్చునో పట్టిక వేశారు. సగం ఓర్క్ పూజారి అయితే నాలుగో మెట్టు దగ్గర ఆగాలి. యోధుడైతే పది. కిరాయి హంతకుడైతే మాత్రం ఎంత పైకైనా పోవచ్చు, అడ్డు లేదు! ఆడవాళ్ళ బలానికి కూడా ఆ పుస్తకంలో వేరే గరిష్ఠం వుంది, అదొక కథ. డ్వార్ఫ్ ఆకర్షణలో ఒకటి తగ్గిస్తూ మాత్రం, తోటి డ్వార్ఫ్‌ల దగ్గర ఈ తగ్గింపు వర్తించదని రాశారు. అంటే అందం చూసేవాడి వూరిని బట్టి వుంటుందని ఆ ఒక్క చోట ఒప్పుకున్నారన్నమాట. ఒప్పుకుని వదిలేశారు.

పుట్టుకను బట్టి వృత్తి, వృత్తిని బట్టి అనుమానం. ఇది ఆటలో మాత్రమే వుంటే నేనింత రాసేవాణ్ణి కాదు. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్థ జాతుల చట్టమని చేసి, 1911లో మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఫలానా కులంలో పుట్టడమే నేరానికి సాక్ష్యం. స్టూవర్టుపురం పేరు వింటే ఇప్పటికీ కొందరి ముఖాల్లో మారే రంగు ఆ చట్టం పెట్టిన రంగే. 1952లో చట్టం రద్దయింది. ఆట పుస్తకంలో మెట్ల హద్దు 2000 సంవత్సరంలో మూడో ముద్రణతో పోయింది. కాని 2016 నాటి ఒక అనుబంధ గ్రంథంలో కూడా ఓర్క్ అంటే బుద్ధిలోంచి రెండు తీసెయ్యమనే వుంది. దాన్ని 2020లో దిద్దారు. 2024 పుస్తకంలో జాతి అన్న మాటే తీసేసి, కలిపే అంకెల్ని పుట్టుక నుంచి తప్పించి పాత్ర పూర్వపు బతుకుకు ముడిపెట్టారు. ఆట పుట్టిన యాభయ్యేళ్ళకు.

ఇప్పుడు మా బల్ల దగ్గర జరిగింది చెప్పాలి.

నిరుడు వానాకాలం మేము ఆడిన కథ గైగాక్స్ రాసిందే, 1980 ప్రాంతపు పాతకథ. పేరు తెలుగులో చెప్పుకుంటే సరిహద్దు కోట. నాగరికుల రాజ్యం చివర ఒక కోట, దానికి అవతల అడవి, అడవిలో గుహలు, గుహల్లో ఓర్కులు, గోబ్లిన్లు. మనం కోటలోంచి బయల్దేరి గుహలు ఒక్కొక్కటే తుడిచిపెట్టి బంగారం తేవాలి. ఆ గుహల్లో ఆడవాళ్ళూ పిల్లలూ వున్నారనీ, వాళ్ళు పోట్లాటకు రారనీ కూడా పుస్తకం రాసిపెట్టింది. మాలో ఒకడు ఓర్కు నాయకుడి గొంతు పెట్టాడు. ఎవరి గొంతు అనుకున్నారు? సినిమాల్లో కోయదొర మాట్లాడే గొంతు. అందరూ నవ్వారు. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి మాతో చదువుతున్న కోయ మిత్రుడొకడు నవ్వలేదు. పెన్సిలు కింద పెట్టాడు.

"అరేయ్, ఒకటడుగుతా. ఆ గుహల్లో వాళ్ళు మనల్నేం చేసిండ్రు?"

సూత్రధారి పేజీ తిప్పాడు. "వాళ్ళు సరిహద్దు మీదికి తోసుకొస్తున్నారని ముందు పేజీలో వుంది రా."

"ఆ పేజీ రాసింది కోటలో వాళ్ళా, గుహల్లో వాళ్ళా?"

ఎవరూ మాట్లాడలేదు.

"పిల్లలున్నరని రాసుంది గదా. వాళ్ళకెన్ని పాయింట్లు?"

ఆ రాత్రి ఆట అక్కడితో ఆగింది. చాయ్ తాగి పడుకున్నాం.

భద్రాచలం వైపు పెరిగినవాడికి ఈ ప్రశ్న ఆట పుస్తకంలోంచి రాదు. 1879లో రంపలో లేచిన పితూరీ భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. కారణాలు కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు. సర్కారు రికార్డులో అది తిరుగుబాటు, కొండమీద వాళ్ళ లెక్కలో తమ చెట్టు, తమ చేను. ముందు పేజీ ఎవరు రాశారన్నది మనకు నిన్నటి సంగతి కూడా. గోదావరి, శబరి కలిసే కూనవరం 2014 దాకా ఖమ్మం జిల్లాలో వుండేది, ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. మా మిత్రుడి మేనత్త వాళ్ళది ఆ వైపే. వూరు కదలలేదు, గీత కదిలింది. సరిహద్దు కోట అనే పేరు అతని చెవికి ఒకరకంగా, ఖమ్మం టౌనులో పుట్టిన నా చెవికి ఇంకొకరకంగా వినపడటంలో ఆశ్చర్యమేముంది?

దీనికి మిత్రులు చెప్పే మొదటి సమాధానం, "ఓర్కు అనేది కల్పన, కోయవాడు కాదు గదా" అని. నిజమే. మరి ఓర్కుకు ఆ గొంతు ఎవరు తెచ్చి పెట్టారు? పుస్తకం పెట్టలేదు. ఖాళీ గడి పుస్తకం ఇచ్చింది, అందులో మనం ముందే దాచిపెట్టుకున్నదాన్ని పోశాం. కాలేజీ డే నాడు ఫ్యాన్సీ డ్రెస్ పోటీలు చూడండి. తలకు ఈకలు, ముఖానికి రంగు, చేతిలో మంత్రదండం, నోట అర్థంలేని కూతలు, కోయదొర వేషమట. ఒక కాలేజీలో దానికి మొదటి బహుమతి ఇవ్వగా నేను చూశాను. ముందు వరసల్లో చర్ల, దుమ్ముగూడెం పిల్లలు చప్పట్లు కొట్టకుండా కూర్చుని వున్నారు. తమ భాషలో తమను కోయితూర్ అని చెప్పుకునే ఆ జనం ఆడే కొమ్ము నృత్యం చూసినవాళ్ళెవరూ ఆ వేషాన్ని వేషమనరు. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, డోలు మీద దెబ్బ పడగానే మగవాళ్ళు దున్నల్లా ఢీకొంటుంటే, పాత్రలోకి పోవడమంటే అదీ అనిపిస్తుంది. మణుగూరు మండలంలోని సకిని రామచంద్రయ్య గారు డోలు వాయిస్తూ కోయల వంశకథలు పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూశారు. ఆ కథల్లో పాత్రలకు కొలతలు బయటివాళ్ళు పెట్టినవి కావు.

రెండో సమాధానం కొంచెం గట్టిది. జాతుల తేడా తీసేస్తే అన్ని పాత్రలూ ఒకే అచ్చులో పోసినట్టవుతాయనీ, ఆటలో పస పోతుందనీ పాత ఆటగాళ్ళు వాపోతున్నారు. తేడాలు వుండాలన్నంతవరకు నేనూ వాళ్ళ పక్షమే. బలం అయిదు పడ్డ పాత్రను ఆడటంలో వున్న సుఖం పద్ధెనిమిది పడ్డవాడికి తెలియదు. పాచిక తక్కువ వేస్తే అవమానం లేదు, అది వానలాంటిది, అందరి మీదా పడుతుంది. ముందే అచ్చువేసిన పట్టిక అట్లా కాదు, అది పేరు చూసి పడుతుంది. 2024 పుస్తకం చేసిన మార్పు నాకు పూర్తిగా నచ్చిందని కూడా చెప్పలేను. పూర్వపు బతుకును ఎంచుకోమంటారు, రైతు, నావికుడు, లేఖకుడు అని. బాగానే వుంది. లేఖకుడు కావడానికి బడి వున్న వూళ్ళో పుట్టాలి గదా అని మా మిత్రుడి అభ్యంతరం. దీనికి రూలు పుస్తకంలో జవాబు లేదు, మన దగ్గరా లేదు.

నాకు అన్నిటికన్నా న్యాయంగా తోచే పద్ధతి 1978లోనే వచ్చింది. రూన్‌క్వెస్ట్ అనే ఆటలో వృత్తుల గళ్ళు లేవు. ఏ విద్య వాడితే దాని పక్కన గుర్తు పెట్టుకుంటావు. తర్వాత పాచిక వేసి, నీకిప్పుడున్న అంకెకంటే పైన పడితేనే ఆ విద్య పెరుగుతుంది. అంటే తక్కువ తెలిసినవాడు త్వరగా నేర్చుకుంటాడు, ఎక్కువ తెలిసినవాడికి ఇంకొంచెం తెలియడం కష్టం. పుట్టుకతో మెట్లు ఆపే పట్టిక లేదు. చేసిందే మనిషి.

ఆ తర్వాతి ఆదివారం సూత్రధారి పీట మీద మా కోయ మిత్రుడు కూర్చున్నాడు. అవే గుహలు, అదే కోట, అదే పటం. ఈసారి మేము గుహల వాళ్ళం. కథ మొదలయింది ఇట్లా: పొద్దున లేచి చూస్తే వాగుకూ పోడు చేనుకూ మధ్య ఎవరో హద్దురాళ్ళు పాతి పోయారు, ఏం చేస్తారు? ఒకడు పీకేస్తానన్నాడు. ఒకడు కోటకు పోయి అడుగుతానన్నాడు. ఒకడు రాళ్ళను రాత్రికి రాత్రి కోటవైపు పది బారలు జరుపుదామన్నాడు, దానికి ఓట్లు ఎక్కువ పడ్డాయి. పాత్రల కాగితాలు కొత్తగా రాసుకున్నాం. ఆరు అంకెలకు పాచికలు మామూలే, జాతికి కలపడాలు తీయడాలు లేవు. విద్యలు రూన్‌క్వెస్ట్ పద్ధతిలో. తేనె తీయడం, ఇప్పపువ్వు ఏరడం, వెదురు కోత, వరదలో దోనె నడపడం, తునికాకు కట్ట కట్టడం. కట్టకు యాభై ఆకులు గదా, కల్లం దగ్గర లెక్క మీద తగాదా వస్తే వాదన అనే విద్యకు పాచిక వేయాలి. అది నెగ్గడం సర్పాన్ని చంపడం కంటే కష్టమని తేలింది.

నాకు ఆ రోజు పడ్డ అంకెలు ఘోరం. బలం అయిదు, చురుకుదనం ఏడు, వివేకం పదిహేను. డెబ్బయ్యేళ్ళ ముసలమ్మను చేసుకున్నాను. భద్రగిరి మీద రాముణ్ణి మొదట చూసిందని స్థలపురాణం చెప్పే పోకల దమ్మక్కకు 1978 పుస్తకం ఎన్ని అంకెలు వేసేదో, ఎన్నో మెట్టు దగ్గర ఆపేదో అనుకుంటూ చేసుకున్న పాత్ర. మా ముసలమ్మ ఒక్కరోజు కూడా కత్తి పట్టలేదు. కోటవాళ్ళు కాగడాలతో అడవిలోకి దిగిన రాత్రి, వానలో, దారి తెలిసింది ఆమెకొక్కదానికే. బలం పదిహేడువాడు ఆమెను వీపున మోశాడు, ఆమె దారి చెప్పింది. పిల్లలందరూ వాగు దాటారు. కోయదొర గొంతు పెట్టినవాడు ఆ రాత్రి గుహలో పదేళ్ళ పిల్లవాడి పాత్ర ఆడుతున్నాడు. దాటిన తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. అతను మారాడనో మారలేదనో నేను చెప్పబోవడం లేదు, అది అతని సంగతి. ఆ గొంతు మాత్రం మళ్ళీ మా బల్ల మీద వినపడలేదు.

పులి-మేకలో పెద్దవాళ్ళకు తెలిసిన కిటుకును ఇంత పెద్ద పుస్తకాలు రాసినవాళ్ళు ఎందుకు పెట్టుకోలేదో నాకు అర్థం కాదు. యాభయ్యేళ్ళుగా అంకెలు దిద్దుతూనే వున్నారు, ఒకటి కలిపి రెండు తీసి. పక్కలు మార్చమని మాత్రం రూలులో రాయలేదు. పులికి కోరలుండనీయండి, మేకకు లేకపోనీయండి, మరుసటి పందెంలో కుర్చీలు మారతాయన్న భయం వుంటే పులి ఆడేవాడి నోరు అదుపులో వుంటుంది.

ఇప్పుడు మా మధ్య తేలని తగాదా అదే. పది ఆటలకొకసారి ప్రతివాడూ తన పాత్ర కాగితాన్ని ఎడమపక్క కూర్చున్నవాడికి ఇచ్చేయాలని మా మిత్రుడు ప్రతిపాదించాడు. ఇద్దరు ససేమిరా అంటున్నారు. ఏడాదిపాటు పెంచుకున్న పాత్ర, విద్యల పక్కన అన్ని గుర్తులు, వాడెవడికో ఎట్లా ఇస్తామని వాళ్ళ బాధ. బాధలో న్యాయముంది. ఒకరేమో ఇవ్వవచ్చు గాని పేరు మార్చకూడదన్నారు, ఇంకొకరు చావు వస్తే పాత యజమాని పాచిక వేయాలన్నారు. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి ఓట్లు మూడు-రెండుగా వున్నాయి. నా ముసలమ్మను పక్కవాడి చేతిలో పెట్టాలంటే నాకూ మనసొప్పడం లేదు. వాడు ఆమె చేత కత్తి పట్టిస్తాడు, నాకు తెలుసు. ఓటు మాత్రం ఇవ్వాలనే వేశాను.